ఈ సైటు ఎవరి తాలూకా?

(గ్రంథాలయ వారోత్సవాల్లో శ్రీకాకుళం జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీ మీద కూర్చున్న అమ్మలకి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, కుర్చీలు చాలక కిటికీల దగ్గర నిలబడ్డ పిల్లలకి పేరుపేరునా నమస్కారం. పిల్లలూ, ఇలా ముందుకొచ్చి చాప మీద కూర్చోండి. తెర ఇక్కడికైతేనే బాగా కనిపిస్తుంది.

లైబ్రేరియన్ మేడమ్‌గారు పోయిన వారం ఫోన్ చేశారు. "ఇరవై ఏళ్ళు బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడిపారు కదా, పనికొచ్చే వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా వెతుక్కోవాలో మా పాఠకులకి చెప్పండి" అన్నారు. వంద సైట్ల జాబితా ఏదైనా రాసుకొస్తే జిరాక్సు తీసి పంచుతామని కూడా అన్నారు. జాబితా తేలేదు. ఇస్తే ఆర్నెల్లలో అందులో సగం మారిపోతాయి, కొన్ని మూతపడతాయి, కొన్ని చేతులు మారతాయి. దాని బదులు ఒక ప్రశ్న పట్టుకొచ్చాను. ఈ ఇరవై ఏళ్ళలో నాకు దొరికిన మంచి సైటు ప్రతిదీ ఆ ప్రశ్న వేశాకే నిలబడింది. నన్ను ముంచబోయిన ప్రతిదీ ఆ ప్రశ్న దగ్గరే దొరికిపోయింది.

మన ఊళ్ళో కొత్త మనిషి వీధిలోకొస్తే అరుగు మీదున్న ముసలమ్మ ఏమడుగుతుంది? పేరు అడగదు, ఉద్యోగం అడగదు. "ఎవరి తాలూకా బాబూ?" అంటుంది. ఆ ఒక్క మాటకి జవాబు వస్తే చాలు, మంచినీళ్ళు ఇవ్వాలో, వీధి చివరిదాకా కన్నేసి ఉంచాలో ఆవిడకి తెలిసిపోతుంది. సైటుని కూడా అదే అడగాలి. నువ్వు ఎవరి తాలూకా? నిన్ను ఎవరు పెట్టారు, ఎవరు పోషిస్తున్నారు, నేను నీ దగ్గరికొస్తే ఎవరికి లాభం?

మాట వచ్చింది కాబట్టి ఒకటి చూపిస్తాను. బాబూ, ఆ లైటు ఆపు. ఇది ఆంధ్రభారతి. తెలుగు నిఘంటువుల్ని ఒకచోట చేర్చిన సైటు. బ్రౌన్ దొర నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇంకా బోలెడు. ఇదే గ్రంథాలయంలో ఆ పుస్తకాలు దించాలంటే నిచ్చెన వెయ్యాలి. ఇక్కడ 'తాలూకా' అని కొడదాం. చూశారా, ఒక మాట కొడితే నిఘంటువులన్నీ వరసగా జవాబు చెబుతున్నాయి. ఈ మాట మనది కాదు, అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దాని మూలానికి అర్థం సంబంధం. నవాబుల కాలంలో రెవెన్యూ మాటగా వచ్చి, ఆఫీసుల్లో ఊళ్ళ లెక్కకి సరిపెట్టుకుంది. మన శ్రీకాకుళంలో మాత్రం అసలు అర్థంతోనే వీధుల్లో తిరుగుతోంది. "ఆ పిల్ల మా తాలూకా" అంటే మా సంబంధం అనేగా. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు మీద ప్రేమున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఎక్కించిన సరుకు ఇది. టీచర్లెవరైనా ఉంటే ఈ ఒక్కటి రాసుకోండి.

ఇప్పుడు అసలు పని. సైటు ఎవరి తాలూకానో ఎలా తెలుస్తుంది? మొదట చిరునామా చదవడం రావాలి. చాలామందికి ఇది ఎవరూ చెప్పలేదు, అందుకే నిదానంగా చెబుతాను. ఉత్తరం మీద చిరునామా మనం పైనుంచి చదువుతాం. పేరు, ఇంటి నంబరు, వీధి. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసేవాళ్ళు కిందనుంచి చూస్తారు. 532తో మొదలయ్యే పిన్‌కోడు కనిపిస్తే శ్రీకాకుళం కట్టలో పడేస్తారు, 535 అయితే విజయనగరం కట్టలో. పేరు ఎవరిదైనా వాళ్ళకి అనవసరం. వెబ్ చిరునామా కూడా అంతే. మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' పక్కన ఉండే జంట గీతల్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత, అదే స్లాష్, ఎక్కడుందో చూడండి. దానికి ఎడమ పక్కన ఉన్న చివరి ముక్కలే పిన్‌కోడు. అక్కడ 'గవ్ డాట్ ఇన్' ఉంటే ప్రభుత్వం తాలూకా. దాన్ని ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. 'ఏసీ డాట్ ఇన్' ఉంటే చదువు చెప్పే సంస్థ. 'డాట్ కామ్', 'డాట్ ఇన్' ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. మంచివాళ్ళూ కొంటారు, దొంగలూ కొంటారు.

బోర్డు మీద రాస్తాను చూడండి. 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్'. ఇది అసలుది, రైతుకి ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వచ్చే పథకం సైటు. దీని కింద ఇంకోటి. 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్'. రెండోదాంట్లో కూడా గవ్ ఉంది, ఇన్ ఉంది. కానీ చివర ఏముంది? డాట్ కామ్. ఇంటి ముందు జిల్లా కలెక్టరని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన కలెక్టరయిపోతాడా? పక్కనున్న తాళం గుర్తుని చూసి కూడా మోసపోవద్దు. మీరు పంపేది దారిలో ఇంకొకరు చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల తీసుకునేవాడు మంచివాడని చెప్పదు. దొంగ ఇంటికీ తాళం ఉంటుంది.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మా దగ్గరి బంధువు ఒకాయన, వరి రైతు. విడత డబ్బులు పడలేదని బెంగపడుతున్న వారంలోనే ఆయన వాట్సాప్‌కి ఒక ఫైలు వచ్చింది. పథకం పేరు, పైన అశోక చక్రం. ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్లో యాప్ ఎక్కించేది. నొక్కాడు, ఫోన్లో ఎక్కింది. అడిగిన అనుమతులన్నీ ఇచ్చేశాడు. ఆ యాప్ ఆయనకొచ్చే మెసేజిలు చదవడం మొదలుపెట్టింది, బ్యాంకు ఓటీపీలతో సహా. మందుల బస్తాకని దాచుకున్న డబ్బు ఒక రాత్రిలో వెళ్ళిపోయింది. పొద్దున్నే నా దగ్గరికొచ్చి ఫోను బల్ల మీద పెట్టి, మాట రాక అలా కూర్చున్నాడు. 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ సైటులో ఫిర్యాదు పెట్టాం. కొంతే వెనక్కొచ్చింది, అదీ ఎన్నో నెలలకి. ఆ రాత్రే ఫోన్ చేసి ఉంటే ఇంకొంత ఆగేదేమో. అమ్మా, ఈ నంబరు మాత్రం గోడ మీద రాసుకోండి, 1930. డబ్బు పోయిన మొదటి గంటలో చేసే ఫోనుకే విలువ. యాప్ ఏదైనా సరే ప్లే స్టోర్ నుంచే దించండి, అక్కడ కూడా పేరు కింద చిన్న అక్షరాల్లో ఎవరు తయారుచేశారో ఉంటుంది, అది చదవండి. చుట్టం పంపినా, సర్పంచి పంపినా, వాట్సాప్‌లో వచ్చిన ఫైలుని నొక్కొద్దు.

సరే, ఇప్పటిదాకా చెప్పింది తలుపు దగ్గర కాపలా. ఇక మంచివాటిని వెతికి పట్టుకునే సంగతి చూద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు ఏదో కాగితం ప్రింటు తీయించుకోవడానికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో కొబ్బరాకు ముక్క. ఆకు అడుగున తెల్లగా మైనం పూసినట్టు సుడులు సుడులుగా గీతలు. పైన చూస్తే పొయ్యి మసి రాసినట్టు నలుపు. "తోటంతా ఇలగే అయిపోతంది బావూ, మందేటో చూడు" అన్నాడు. నేను 'కొబ్బరి ఆకు తెల్ల పురుగు మందు' అని కొట్టాను. వరసగా వీడియోలు. ప్రతి వీడియోలో ఒక సీసా, సీసా మీద ఒక ఫోను నంబరు. ఎవరి తాలూకా? సీసా అమ్మేవాడి తాలూకా. సీసా అమ్మేవాడు సీసా కొనొద్దని ఎప్పుడైనా చెబుతాడా?

అదృష్టం, పక్క కంప్యూటర్ దగ్గర అగ్రికల్చర్ చదివే కుర్రాడున్నాడు. ఆకు చూసి, "ఇది రూగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై అండి, సర్పిలాకార తెల్లదోమ" అన్నాడు. పేరు దొరికితే సగం దారి దొరికినట్టే. ఆ పేరు కొట్టి, పక్కన ఇంగ్లీషులో సైట్ అని, రెండు చుక్కలు, ఖాళీ వదలకుండా గవ్ డాట్ ఇన్ అని కొట్టాను. అంటే గూగుల్‌తో, ప్రభుత్వం తాలూకా పేజీల్లో మాత్రమే వెతుకు అని చెప్పినట్టు. తెర మారిపోయింది. కాసరగోడులోని తోట పంటల పరిశోధన సంస్థ, బెంగళూరులోని కీటకాల సంస్థ, ఇలా పురుగుతో ఏళ్ళుగా కూర్చున్నవాళ్ళ కాగితాలు పైకొచ్చాయి.

అందులో ఏముందో తెలుసా? ఈ దోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర కనబడింది. దాని పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే కందిరీగ జాతి పురుగు ఒకటుంది, ఎన్‌కార్సియా, చూపుకి ఆనదు. రసాయన మందు కొడితే దోమ కంటే ముందు ఆ మేలుచేసే పురుగు చస్తుంది, తర్వాత దోమకి అడ్డుండదు. కాబట్టి మందు కొట్టొద్దు. ఆకు అడుగున నీళ్ళు గట్టిగా చిమ్మండి. ఆముదం రాసిన పసుపు అట్టలు తోటలో కట్టండి. పైనున్న మసికి ఒక శాతం గంజి ద్రావణం కొడితే అది ఎండి పెచ్చుల్లా రాలిపోతుంది, మసిని పట్టుకుని మరీ రాలుతుంది. మరీ ఎక్కువగా ఉంటే ఇసారియా అనే శిలీంధ్రం ఉంది, దోమకి జబ్బు తెప్పిస్తుంది. ఇదంతా చదివి వినిపిస్తే ఆ రైతు, "గంజా?" అన్నాడు. "మా ఇంట్లో ఉన్నదే కదా!" అన్నాడు. సీసా వీడియో వంద చూసినా ఆ గంజి మాట రాదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బజారు మాటతో వెతికితే బజారు దొరుకుతుంది. ఆ పనిలో తలమునకలైనవాళ్ళు వాడే మాటతో వెతికితే వాళ్ళే దొరుకుతారు. అందుకని నేను మొదట మాట కోసం వెతుకుతాను. డాక్టరు చీటీ మీద మందు కంపెనీ పేరుంటే, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు తీసుకుంటాను. ఆ పేరుతో జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో చూస్తే అదే మందు ఎంతకి దొరుకుతుందో, దగ్గర్లో ఏ దుకాణం ఉందో చెబుతుంది. డాక్టర్ని అడిగే మార్చుకోవాలి, అది వేరే సంగతి. పేరు తెలిస్తేనే అడగగలం కదా.

మత్స్యకార పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, చేతులెత్తండి. బాగుంది. మీకో సైటు చెప్పాలి. ఇన్‌కాయిస్ అని, హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం. 1999లో పెట్టారు. ఇది చెబితే మా ఊరి వేటగాడు ఒకాయన, "ఐదరాబాదులో కూకున్నోలకి సంద్రం గురించి ఏటి తెలుస్తాది బావూ?" అన్నాడు. నిజమే, అలా అనిపిస్తుంది. కానీ వాళ్ళు చూసేది పైనుంచి, ఉపగ్రహం కంటితో. నీటి పైపొర వేడి ఎంతుంది, ఏ చోట ఆకుపచ్చ రంగు ఎక్కువుంది అని లెక్కవేస్తారు. వేడి నీరు, చల్ల నీరు కలిసేచోట అడుగునున్న పోషకాలు పైకొస్తాయి. అక్కడ కంటికి కనిపించని పాచి పెరుగుతుంది, దాన్ని తినడానికి చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప. ఆ చోట్లని లెక్కకట్టి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకి ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఎంత అని తెలుగులోనే ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ ఇవ్వరు. మబ్బు దట్టంగా ఉన్నప్పుడు కూడా ఉపగ్రహానికి కనబడదు. మిగతా రోజుల్లో చూసుకోవచ్చు. ఎత్తు అలల హెచ్చరికలూ వాళ్ళవే. ఆ వేటగాడు తర్వాత నన్ను దారిలో ఆపి, "దిక్కు సరిగానే సెప్పినాడు, డీజిలు కలిసొచ్చింది" అన్నాడు. మన పెద్దల గాలి లెక్క, నీటి రంగు లెక్క వదిలెయ్యమని నేను చెప్పను. రెండూ చూసుకుని బయల్దేరండి.

గాలివాన సంగతి కూడా చెప్పాలి. తిత్లీ వచ్చిన రాత్రి ఇక్కడున్న పెద్దవాళ్ళెవరూ మర్చిపోరు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ముందురోజు సాయంత్రం నా ఫోన్‌కి ఒక వాట్సాప్ మెసేజి వచ్చింది, 'తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది, మనకి భయం లేదు' అని. ఎవరు రాశారు? లేదు. ఎన్నింటికి రాశారు? లేదు. అదే సమయంలో వాతావరణ శాఖ సైటులో బులెటిన్ ఉంది. దాని మీద నంబరుంది, వెలువడిన గంట ఉంది, గోపాలపూర్‌కీ కళింగపట్నానికీ మధ్య దాటుతుందని ఉంది. అలా మధ్య అంటే మన ఉద్దానమే కదా. నేను ఆ బులెటిన్ చదివి నలుగురైదుగురికి ఫోన్లు చేశాను. కొందరు మెసేజినే నమ్మారు. పొద్దున్నకి కొబ్బరి, జీడితోటలు ఎలా పడుకున్నాయో మీరు చూశారు. చెట్లని ఎవరూ ఆపలేకపోయేవారు. పశువుల్ని విప్పుకోవడానికి, రేకులకి కట్లు వేసుకోవడానికి ఒక రాత్రి ఉండేది. మౌసం అని వాతావరణ శాఖ యాప్ ఉంది, సైటులో విశాఖ రాడార్ బొమ్మ ఉంటుంది. వాన మబ్బు ఎటు నడుస్తోందో కంటికి కనిపిస్తుంది. పిడుగులకి దామిని అని ఇంకో యాప్, పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థది. పొలం పనికి వెళ్ళే ఇంట్లో అది ఉండాలి.

ఇక మన సొంత తాలూకా ఒకటి చెబుతాను. శ్రీకాకుళంలో కథానిలయం ఎంతమంది చూశారు? ... నలుగురే. కారా మాస్టారు, కాళీపట్నం రామారావుగారు, తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరిలో తెరిచారు. తెలుగులో అచ్చయిన కథ ఏదీ పోకూడదని ఆయన పట్టుదల. ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి, అటకల మీది పాత పత్రికలన్నీ దింపించారు. ఇప్పుడు ఆ కథల వివరాలు నెట్‌లో ఉన్నాయి. రచయిత పేరుతో వెతకొచ్చు, కథ పేరుతో వెతకొచ్చు, చాలా కథలకి పత్రికలో అచ్చయిన పేజీల బొమ్మలే ఉన్నాయి.

మా సెంటర్‌కి రిటైరైన మాస్టారు ఒకాయన పింఛను పని మీద వచ్చేవారు. ఎనభై దాటాయి. ఒకసారి మాటల్లో, "వయసులో ఉండగా వారపత్రికలో నాదీ ఒక కథ పడింది నాయనా, ఒక్కటే. ఆ కాపీ వరదలో పోయింది" అన్నారు. కథానిలయం సైటులో ఆయన పేరు కొట్టాను. ఒకే ఒక కథ, పేరుతో, సంచికతో వచ్చింది. నొక్కితే పేజీ తెరుచుకుంది, పసుపురంగు కాగితం, పక్కన కొబ్బరినూనె ప్రకటన. మాస్టారు లేచి నిలబడ్డారు. నిలబడే మొత్తం చదివారు. నేను కుర్చీ ఇస్తే కూర్చోలేదు. అంతా అయ్యాక తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, నేను 'కోత' అని రాస్తే వీళ్ళు 'కూత' అని వేశారు. అప్పుడే కార్డు రాశాను, సవరణ వెయ్యలేదు" అన్నారు. యాభై ఏళ్ళ కిందటి అచ్చుతప్పు! మూడు కాపీలు ప్రింటు తీయించుకున్నారు, ముగ్గురు మనవలకి.

పురస్కారం డబ్బు అన్నాను కదా, దానికి జోడీ ఇంకోటుంది. సైన్సు పిల్లలు వినండి. ఫెట్ అని ఒక సైటు, అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానిది. కార్ల్ వీమన్ అనే ఆయనకి 2001లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మన సత్యేంద్రనాథ్ బోసు లెక్క మీద ఐన్‌స్టీన్ ఊహించిన పదార్థ స్థితిని ప్రయోగశాలలో చేసి చూపించినందుకు. ఆ మరుసటి ఏడాది, 2002లో, బహుమతి డబ్బులో కొంత పెట్టి ఈ సైటు మొదలుపెట్టాడు. పిల్లలు తెర మీద ప్రయోగాలు చేసుకోవడానికి. తెలుగులో కూడా ఉన్నాయి. మన హైస్కూల్ ల్యాబ్‌లో బ్యాటరీలు ఎప్పుడూ నిండుకునే ఉంటాయి కదా. ఇక్కడ తీగ లాగండి, బల్బు పెట్టండి, స్విచ్ వెయ్యండి. తప్పుగా కలిపితే బ్యాటరీ నుంచి మంటలు వస్తాయి, బొమ్మలోనే. మొదటిరోజు పిల్లలందరూ కావాలని మంటలే పెట్టారు. రెండో రోజుకి, మంట ఎందుకొస్తోందో వాళ్ళే చెప్పారు.

శ్రీకాకుళంలో ఒక కథల మాస్టారు, కొలరాడోలో ఒక ఫిజిక్స్ మాస్టారు. ఎవరి తాలూకా అని అడుగుతూ పోతే ఇలాంటివాళ్ళు తగులుతారు. అలాంటి సైటు ఒకటి దొరికిందంటే దాన్ని చూసి ఊరుకోకూడదు. గ్రంథాలయంలో ఒక పుస్తకం కోసం వచ్చి, దాని పక్కనున్నది కూడా తీసుకెళ్తాం చూడండి, అలాగ. 'మా గురించి' అన్న పేజీ తెరవండి, వాళ్ళే చేసిన ఇంకో సైటు ఉంటుంది, వాళ్ళు నమ్మే ఇంకొకరి లింకు ఉంటుంది. నాకు సగానికి సగం అలాగే దొరికాయి. ఈ లాంగ్ నోట్‌బుక్ చూశారా? పేరు, ఎవరి తాలూకా, దేనికి పనికొస్తుంది, చివరిసారి ఎప్పుడు చూశాను. నాలుగు గళ్ళు, అంతే. ఏడాదికోసారి కూర్చుని మళ్ళీ అన్నీ తెరిచి చూస్తాను, చెడిపోయినవి కొట్టేస్తాను.

పాత పుస్తకాలు వెతికేవాళ్ళకి ఒక కిటుకు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అని 1996 నుంచి ఉన్న ఉచిత గ్రంథాలయం, లాభం కోసం నడిచేది కాదు. మన ప్రభుత్వం స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ అందులో ఉన్నాయి. తెలుగులో పేరు కొడితే చాలా వరకు దొరకవు. ఎక్కించినవాళ్ళు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. 'ఆంధ్ర' అని కొట్టాలంటే ముందు ఒక 'ఎ' పెట్టి చూడండి, రెండు పెట్టి చూడండి. 'వాచకము'లో 'చ'కి ఒకసారి 'హెచ్' ఉంటుంది, ఒకసారి ఉండదు. నాలుగు రకాలుగా కొడితే నాలుగోసారి పలుకుతుంది. అక్కడే పాత సైట్ల ఫోటోలు కూడా దాచి ఉంచారు. మూతపడిన సైటు చిరునామా ఇస్తే ఫలానా ఏడాది అది ఎలా ఉండేదో చూపిస్తుంది.

మన తేలినీలాపురంలో గూళ్ళు పెట్టే పక్షుల మాట చెప్పి ముగిస్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రాజెక్టు పని మీద వచ్చింది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని రాసుకొచ్చింది. మనందరం చిన్నప్పటినుంచి విన్న మాటే అది. బొమ్మలు కావాలంటే ఈబర్డ్ తెరిచాను. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల విభాగం 2002లో పెట్టిన సైటు. లోకమంతా పక్షుల్ని చూసేవాళ్ళు ఏ పక్షి ఎక్కడ కనిపించిందో అందులో రాస్తారు. గూడబాతు పటం తెరిస్తే భారతదేశం, శ్రీలంక, కంబోడియా, అటువైపు రంగు గళ్ళు. సైబీరియాలో ఒక్క గడి లేదు. "మామయ్యా, మరి సైబీరియా?" అంది. ఎర్రకాళ్ళ కొంగ చూశాం. అదీ అంతే. మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే అవి, మన చింతచెట్లు, చెరువులు వెతుక్కుని గూళ్ళు పెట్టుకోవడానికి వస్తున్నాయి. సూదితోక బాతు పటం తెరిస్తే మాత్రం గళ్ళు ఉత్తరాన రష్యాదాకా పాకాయి. అంత దూరం నుంచి వచ్చే పక్షులు కూడా మన చెరువుల మీద వాలుతున్నాయన్నమాట. ఆ అమ్మాయి ప్రాజెక్టు మొత్తం తిరగరాసింది. ఆ పటాలన్నీ పక్కపక్కన అతికించింది.

ప్రశ్నలు ఉంటే అడగండి. ... అవును, నువ్వే, గట్టిగా అడుగు తల్లీ.

"మా ఊరి పేరు కొడితే ఏమీ రావట్లేదండి" అంటోంది. ఏ ఊరమ్మా? సరే, తెలుగు వికీపీడియాలో చూద్దాం. 2003 డిసెంబరులో మొదలైంది, రాసేవాళ్ళంతా మనలాంటి వాళ్ళే. ఇదిగో, ఉంది మీ ఊరు! జనాభా, విస్తీర్ణం, దగ్గరి పట్టణం ఎంత దూరం, అన్నీ 2011 జనాభా లెక్కల నుంచి. ఇంకేం లేదు. ఫోటో లేదు, చెరువు పేరు లేదు, గ్రామదేవత పేరు లేదు. పైన 'సవరించు' అని ఉంది చూశావా? నొక్కితే నువ్వే రాయొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. ఫోటో మాత్రం నువ్వు తీసిందే పెట్టాలి, నెట్‌లో దొరికింది పెట్టకూడదు. రాసే మాటకి ఒక ఆధారం చూపించాలి, పుస్తకమో, పత్రికో. ఆధారం కోసం ఇంకెక్కడికో పోనక్కర్లేదు, ఈ బీరువాలోనే జిల్లా చరిత్ర పుస్తకాలున్నాయి, మేడమ్‌గారు తీసిస్తారు.

ఆదివారం పదింటికి నేను ఇక్కడే ఉంటాను. శనివారం సాయంత్రం ఎండ వాలాక మీ చెరువు గట్టు ఫోటో ఒకటి తియ్యి, ఫోను అడ్డంగా పట్టుకో. ఛార్జింగు పెట్టుకుని రా. వచ్చేటప్పుడు ఆ చెరువుని మీ నాయనమ్మ ఏ పేరుతో పిలుస్తుందో అడిగి రా.